ఛీగారి మాంగోస్టీన్ తోట

ఆయన పుట్టగానే ఏడవలేదట. కళ్ళు తెరిచి, మంత్రసాని మొహం ఎగాదిగా చూసి, మూతి ఒక పక్కకి తిప్పి "ఛీ" అన్నాడట. ఆ మంత్రసాని బతికున్నంతకాలం ఈ సంగతి ఒట్టేసి మరీ చెప్పేది. నమ్మనివాళ్ళు కూడా ఆయన పెద్దయ్యాక చూసి నమ్మేశారు. బట్టల మిల్లులో పెద్ద గుమస్తాగా చేసి రిటైరైన ఆ మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం ఆయన ఛీగారే. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు, వెనక్కి తిరిగేదాకా ఓపిక పట్టేవారు.

ఛీగారి దృష్టిలో లోకం రెండు ముక్కలు. ఒక ముక్కలో తనూ, మిల్లు మేనేజరుగారూ. రెండో ముక్కలో మిగతా జనమంతా. ఆ రెండో ముక్కలో కూడా అట్టడుగున, మోకాళ్ళదాకా బురదలో, ఆయన బావమరిది. భార్యకి తమ్ముడు. వీధి మలుపులో ఒక మేడమెట్ల కింద దూరి గొడుగులు బాగుచేసుకునే మనిషి.

"వానమీద బతికేవాడూ ఒక మనిషేనా?" అనేవాడు ఛీగారు. "కప్పకీ వాడికీ తేడా ఏముంది? కప్ప నయం, వాన వెలిశాక నోరు మూసుకుంటుంది."

బావమరిదికి ఇవేవీ అంటేవి కావు. ఛీగారు అటు వెళ్ళినప్పుడల్లా కొట్టు ముందున్న ముక్కాలిపీటని తువ్వాలుతో తుడిచి, "రండి బావగారూ, కూర్చోండి, టీ తెప్పిస్తాను" అనేవాడు. ఆ పీట మీద ఛీగారు ఏనాడూ కూర్చోలేదు. రోడ్డు మీదే నిలబడి, చెప్పాల్సింది పక్కగోడకి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేవాడు.

మనుషుల్లోనే కాదు, ఛీగారికి పళ్ళలోనూ హోదాలుండేవి. అరటిపండంటే మహా అసహ్యం. "సిగ్గులేని పండు. ఎవడు తోలు లాగితే వాడికి లొంగిపోతుంది. కొట్లో మెడకి తాడేసి వేలాడదీసినా పౌరుషం లేదు." మరి ఆయన మెచ్చిన పండు ఏదయ్యా అంటే మాంగోస్టీన్. మేనేజరుగారి వీడ్కోలు విందులో, పల్చటి కాగితంలో చుట్టిన ఒక్క పండు ఆయన వాటాకి వచ్చింది. ముదురు వంకాయరంగు తోలు, నెత్తిన ఆకుపచ్చ టోపీ, తోలు చీలిస్తే లోపల వెన్నముద్దల్లాంటి తెల్లటి తొనలు. ఆ తోలు రంగు చొక్కాకి అంటుకుని ఎన్ని ఉతుకులకీ వదల్లేదు. ఛీగారు ఆ మచ్చని పతకంలా చూసుకునేవాడు.

ఇంటి వెనక వాగు దాటితే భార్యకి పుట్టింటినుంచి వచ్చిన నేల కొంత ఉంది. దాన్ని గెలల వ్యాపారికి కౌలుకిచ్చి అరటి వేయిద్దామని ఆవిడ అన్నరోజున ఇంట్లో కప్పు లేచిపోయింది.

"అరటా? నా వెనకగుమ్మంలోంచి చూస్తే అరటి కనపడాలా? ఛీ!"

"నేల నాది. గుమ్మం మాత్రమే మీది. తలుపేసుకోండి," అంది ఆవిడ.

"మాంగోస్టీన్ వేద్దామే. నీకు తెలీదు. చుట్టుపక్కల ఎవడూ పండించట్లేదు. అందుకే ఆ రేటు. ఒక్కసారి కాపు పట్టిందంటే మన మనవల మనవలు కూడా కాలుమీద కాలేసుకుని తింటారు."

"ఎప్పుడు పడుతుందో?"

ఛీగారు దూలంవైపు చూశాడు. "ఓ ఎనిమిదేళ్ళు... పదేళ్ళు..."

"అప్పటికి మీరుంటారా?"

"ఉండనా? కాపు చూడకుండా పోతానా? ఛీ!"

ఆవిడ కాసేపు ఆలోచించింది. భర్త రిటైరైనప్పటినుంచి పొద్దస్తమానం వంటింటి గుమ్మంలో నిలబడి గరిటె పట్టుకోవడంలో కూడా తప్పులు పడుతున్నాడు. పొలంలో ఉంటే కనీసం ఇంట్లో ఉండడు. "సరే. మొక్కలు బతికున్నంతకాలం నేల జోలికి రాను. అవి పోయిన రోజున మాత్రం గెలల వ్యాపారి చేతిలో పెడతాను. ఆ రోజు మీరు ఎన్ని ఛీలన్నా వినను," అంది.

మొదటి దెబ్బ గింజల దగ్గరే తగిలింది. ఛీగారు పళ్ళు కొని, తిని, గింజలు కడిగి, డాబా మీద ఎండబెట్టి, కవర్లో పెట్టి దాచాడు. మంచిరోజు చూసుకుని నాటితే ఒక్కటీ మొలవలేదు. కోపంగా నర్సరీకి వెళ్ళాడు. నర్సరీవాడు లావుపాటి మనిషి, నీళ్ళ గొట్టం భుజాన వేసుకుని తిరిగేవాడు. సంగతి విని గొట్టం వదిలేసి నవ్వాడు, చెప్పులు తడిసేదాకా నవ్వాడు.

"ఎండబెట్టారా? అది గుమ్మడిగింజ కాదండీ! ఎండిందంటే చచ్చిందే. పండులోంచి తీసిన పూటే మట్టిలో పెట్టాలి. అన్ని తొనల్లోనూ గింజ ఉండదు, లావు తొనలో చూసుకోండి. సంచులు పొడుగ్గా ఉండాలి. దీని వేరు మేకులా తిన్నగా దిగుతుంది, అడుగున ముడుచుకుంటే మొక్క జన్మలో కోలుకోదు. ఒకసారి నేలలో పెట్టాక మళ్ళీ తీసి మార్చడం కుదరదు. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి కొన్నేళ్ళూ నీడ ఉండాలి. ఎండ తగిలితే మాడిపోతుంది."

"నీడకి ఏం వెయ్యాలి?"

"తొందరగా ఎదిగేది ఇంకేముందండీ? అరటి."

ఛీగారికి ఎవరో గొంతులో వేలు పెట్టినట్టయింది.

రెండోసారి పళ్ళు తెచ్చినప్పుడు ఇంట్లోనే తింటూ గింజలు తీశారు. పిలవకపోయినా వాసన పట్టి బావమరిది దిగాడు. ఛీగారు ఒక పండు తిరగేసి, అడుగున ఉన్న పువ్వుగుర్తు చూపించాడు. "చూడు. ఈ పువ్వుకి ఎన్ని రేకులో లోపల అన్ని తొనలు. కొయ్యక్కర్లేకుండానే లెక్క చెప్పే పండు లోకంలో ఇదొక్కటే. నీకేం అర్థమవుతుందిలే."

"ఎందుకర్థం కాదు బావగారూ? గొడుగు తిరగేస్తే చువ్వలు కనపడవూ? అలాగే." అంటూ అతను లావుపాటి తొన నోట్లో వేసుకుని, గింజతో సహా గుటుక్కున మింగేశాడు.

"ఒరేయ్! అది మొక్కరా! చెట్టుని మింగేశావు కదరా!"

"అయితే నా కడుపులో నీడగా ఉంటుంది లెండి. ఎండ భయం లేదు."

మొలిచిన మొక్కలు సంచుల్లో ఉన్నన్నాళ్ళూ ఛీగారు వాటి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వాటి ఎదుగుదల ఎంత నిదానమంటే, ఓ నత్త మొక్క పక్కనుంచి బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్ళి, సంసారం పెట్టి, పిల్లల్ని కని, పిల్లలకి పెళ్ళిళ్ళు చేసి, ఓపిక లేక నెమ్మదిగా తిరిగొచ్చేసరికి మొక్క ఇంకో జత ఆకులు వేసేది. "గొప్పవాళ్ళు తొందరపడరు," అనేవాడు ఛీగారు. "పరిగెత్తేవి కలుపుమొక్కలు."

వాగు అవతల ముందు అరటి వేశాడు. పిలకలు పాతుతున్నంతసేపూ వాటిని తిడుతూనే ఉన్నాడు. "మీరు ఇక్కడికి కాయడానికి రాలేదు. రాణిగారికి గొడుగు పట్టడానికొచ్చిన నౌకర్లు. పని అయ్యాక పొండి." ఆ తిట్లు వాటికి ఎరువులా పనిచేశాయేమో, అరటి ఆకాశానికి నిచ్చెన వేసినట్టు ఎదిగింది. దాని నీడలో మాంగోస్టీన్ మొక్కల్ని సంచులు కోసి, మట్టి చెదరకుండా దింపాడు. అరటి గెలలు ఎప్పటికప్పుడు మాయమయ్యేవి. ఆవిడ వ్యాపారికి అమ్మి ఇల్లు నడుపుతోందని ఛీగారికి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. తను అరటి డబ్బుతో బతుకుతున్నానని ఒప్పుకోవడం కన్నా దొంగలు పడుతున్నారనుకోవడమే ఆయనకి హాయిగా ఉండేది.

ఇలా మొక్కలు మోకాలెత్తుకి వచ్చాయి. ఆ వేసవిలో ఓ రోజు మేనేజరుగారి కారు ఇంటి ముందు ఆగింది.

ఛీగారి కాళ్ళు నేలమీద ఆనలేదు. లోకంలో తన ముక్కలో ఉన్న ఒకేఒక్క మనిషి, తన తోట చూడటానికి వచ్చాడు! ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేనేజరుగారి ముందు వెనక్కి నడుస్తూ తోటకి తీసుకెళ్ళాడు. మేనేజరుగారు చేతికర్రతో నిలబడి అంతా కలయజూశాడు. ఛీగారు మెచ్చుకోలు కోసం ఊపిరి బిగబట్టాడు.

"భలే!" అన్నాడు మేనేజరుగారు. "ఇంత కండగల అరటి నేనెక్కడా చూళ్ళేదయ్యా. అనవసరంగా మిల్లులో మగ్గిపోయావు గానీ, నువ్వు పుట్టిందే అరటి కోసం."

"అయ్యా, అరటి కాదండీ... కింద చూడండి..."

"చూశాన్లే. ఈ పిచ్చిమొక్కలు పీకించెయ్. బలమంతా ఇవే తాగేస్తాయి." అంటూ చేతికర్ర ఒక్కసారి ఆడించాడు. ఒక మాంగోస్టీన్ మొక్క తల తెగి పక్కన పడింది.

ఛీగారి కడుపులోంచి ఒక "ఛీ" బయల్దేరింది. మామూలు ఛీ కాదు, పుట్టినప్పటినుంచి అన్నవాటికి తాతలాంటిది. గుండె దాటింది, గొంతు దాటింది, పళ్ళదాకా వచ్చింది. ఎదురుగా ఉన్నది మేనేజరుగారు. పళ్ళు తలుపు వేసేశాయి. అది వెనక్కి తిరిగి, ఎక్కడో పక్కటెముకల మధ్య అడ్డంగా ఇరుక్కుపోయింది.

"నాకో గెల కొట్టించవయ్యా," అన్నాడు మేనేజరుగారు. ఛీగారే కొట్టి, భుజాన మోసి, కారులో పెట్టాడు. అరటిజిగురు కారి ఇస్త్రీ చొక్కా మీద పాత వంకాయరంగు మచ్చని కమ్మేసింది.

కారు మలుపు తిరగ్గానే ఛీగారు కత్తి తీసుకుని తోటలోకి వెళ్ళాడు. లోపల ఇరుక్కున్నది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా. "మీరా! మీరా రాణిగార్లు! నౌకర్లకి ఇంత ఒళ్ళేమిటి!" అంటూ కనపడిన అరటిని కనపడినట్టు నరికాడు. అరటిబోదె మెత్తనిది, ఒక వేటుకే ఒరుగుతుంది. దాంతో ఆయనకి ఇంకా ఒళ్ళుమండింది, ఎదురు కూడా తిరగవు కదా అని. పొద్దు వాలేలోపు తోటంతా పడుకుంది. మధ్యలో మోకాలెత్తు మొక్కలు, చలికాలంలో దుప్పటి లాగేస్తే నిద్రలేచిన పిల్లల్లా దిక్కులు చూస్తూ నిలబడ్డాయి.

ఆవిడ వచ్చి చూసింది. అరవలేదు. అదే ఛీగారిని భయపెట్టింది.

"ఎందుకు నరికారు?"

"మేనేజరుగారికి అరటే కనపడింది."

"అందుకని మీకూ అరటే కనపడిందా?"

నాలుగు ఎండలు కాసేసరికి ఆకుల అంచులు రాగిరంగు తిరిగాయి. ఆ తర్వాత ఆకు మధ్యలో మాడు మచ్చలు పడ్డాయి. ఛీగారు నర్సరీకి పరిగెత్తాడు. నర్సరీవాడు ఈసారి నవ్వలేదు.

"తీసి చెట్టుకింద పెట్టనా?" అనడిగాడు ఛీగారు.

"తల్లివేరు తెగుతుంది, ఇంక అంతే. నీడ వల కట్టాలి. అది పై ఊరినుంచి లారీలో రావాలండీ. వచ్చేసరికి మీ మొక్కలతో చీపురు కట్టుకోవచ్చు. ఏదో ఒక నీడ, ఇవాళే చూసుకోండి. వానలు పడేదాకా కాపాడగలిగితే బతుకుతాయి."

ఇంటికొస్తే ఆవిడ కూరలు తరుగుతోంది. తలెత్తకుండానే అంది: "వానలు పడ్డాక వచ్చి చూస్తాను. కొత్త చిగురు ఎక్కడైనా ఉంటే సరే. లేకపోతే గెలల వ్యాపారికి కబురు పెడతాను. మాటంటే మాటే."

ఛీగారు గదిలో అటూ ఇటూ తిరిగాడు. తలుపు వెనక మేకుకి తన గొడుగు వేలాడుతోంది. దాన్ని చూశాడు. బావమరిది కొట్టు అటక గుర్తొచ్చింది. బాగుచేయించుకుందామని ఇచ్చి, మర్చిపోయి, ఎవరూ తీసుకెళ్ళని గొడుగులు ఆ అటక మీద గబ్బిలాల్లా వేలాడుతుంటాయి. మరి వాడిని అడగాలా? ఆ కప్పని? ఒక్క చేత్తో గొడుగు తీసి, మోకాలికేసి ఫెళ్ళున విరిచాడు. ఏదో పని మీద వెళ్ళినట్టుండాలి కదా.

"ఇది విరిగింది. బాగుచెయ్," అన్నాడు రోడ్డు మీద నిలబడి, గోడవైపు చూస్తూ.

బావమరిది గొడుగు అటూ ఇటూ తిప్పాడు. "పాపం, ఏ గాలికి విరిగింది బావగారూ?"

"పెద్దగాలి."

"మొన్నటినుంచి ఆకు కదల్లేదు కదా. మీ ఇంట్లో మాత్రం ప్రత్యేకంగా వీచిందా?"

"బాగుచెయ్యమంటే చెయ్. ఆరాలు దేనికి?"

"చేస్తాను. అది కాక ఇంకేదో అడగడానికొచ్చారు. మొక్కల సంగతి అక్క పొద్దున్నే చెప్పింది." అతను పీట తుడిచాడు. "కూర్చుని అడగండి."

"నిలబడి అడిగితే వినపడదా?"

"నాకు వినపడుతుంది. అటకమీది గొడుగులకే కొంచెం చెవుడు. నిలబడి అడిగితే దిగిరావు."

వీధంతా చూస్తోందని ఛీగారికి అనిపించింది. చూస్తోంది కూడా. మందులకొట్టువాడు చీటీ పక్కన పెట్టి మరీ చూస్తున్నాడు. ఛీగారు పీటని, దాని మూడు కాళ్ళని, కింద రోడ్డుని చూశాడు. మాడిన ఆకులు కళ్ళముందాడాయి. కూర్చున్నాడు. కూర్చున్నట్టు కాదు, పీటకి తన బరువు తెలియనివ్వకుండా అంచున ఆనాడు. టీ వచ్చింది. గ్లాసు తీసుకుని, తాగకుండా కిందపెట్టాడు.

"గొడుగులు కావాలి," అన్నాడు.

"ఎన్ని?"

"అన్నీ."

ఇద్దరూ తోపుడుబండి మీద వేసుకుని వీధి మధ్యలోంచి తీసుకెళ్ళారు. చువ్వ విరిగినవి, గుడ్డ చిరిగినవి, పిడి లేనివి. నల్లవి, పువ్వులవి, ఏదో సబ్బు కంపెనీ పంచిన చారలవి. పసుపు రంగు పిల్లల గొడుగు ఒకటి, దాని మీద బాతుమొహం, ముందుకి పొడుచుకొచ్చిన ఎర్రటి ముక్కు.

"ఛీ! దీన్ని అవతల పారెయ్. నా తోటలో బాతా!"

"నీడకి మొహంతో పనేమిటి బావగారూ?" అని బావమరిది దాన్ని మూలనున్న మొక్కకి కట్టాడు. కర్రలు పాతి, గొడుగులు పక్కకి వంచి, పడమటి ఎండ తగలకుండా చువ్వలకి తాళ్ళు కట్టాడు. పని చేస్తున్నంతసేపూ ఛీగారు వెనకే తిరుగుతూ వంకలు పెట్టాడు. ఈ ముడి సన్యాసి ముడి, ఆ కర్ర తాగుబోతు కర్ర, నీ చేతులకన్నా ఆ బాతుముక్కు నయం. తాళ్ళు మాత్రం అందిస్తూనే ఉన్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం నిజంగానే గాలి లేచింది. ఆ గాలికి గొడుగులన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి, తోటని నేలతో సహా రెండడుగులు పైకి లేపాయని, ఛీగారు ఎగిరి ఒక పిడి పట్టుకుని వేలాడితేనే మళ్ళీ దిగిందని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బరువు తనదేనని బావమరిది వాదిస్తాడు.

ఎండలు గడిచాయి. మాడిన ఆకులు రాలాయి. కొన్ని మొక్కలు పుల్లలయ్యాయి. మిగతావి బతికున్నాయో చచ్చాయో చెప్పకుండా మొండిగా నిలబడ్డాయి. మొత్తానికి ఓ ఉదయం ఆకాశం నల్లబడి వాన దిగింది. అప్పుడు అసలు తంటా మొదలైంది. ఎప్పుడో మర్చిపోయిన గొడుగులు వాన చినుకు పడగానే జనానికి గుర్తొచ్చాయి. కొట్టుకెళ్ళి అడిగితే బావమరిది "మీది పొలంలో డ్యూటీలో ఉందండీ" అని ఇటు పంపేవాడు. ఛీగారు వాగు ఒడ్డునే నిలబడి, నెత్తిన గోనెసంచి కప్పుకుని, వచ్చినవాళ్ళని వచ్చినట్టు తరిమాడు.

"నా గొడుగేదండీ?"

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు నానితే కరిగిపోతావా? పో!"

ఆ వానలోనే ఆవిడ తన మాట ప్రకారం వచ్చింది. వరస తప్పకుండా ఒక్కో గొడుగు కిందకి వంగి చూస్తోంది. చూసి, తల అడ్డంగా ఊపి తర్వాతదానికి వెళుతోంది. ఒక్కో మొక్క దాటినప్పుడల్లా ఛీగారి మొహం ఒక్కో అంగుళం కిందకి జారుతోంది. తమ్ముడు బాతుగొడుగు తాడు బిగిస్తూ అక్క మొహమే చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు రోడ్డు మీద కారు ఆగింది. మేనేజరుగారు తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏమయ్యా, ఇంకో గెల... అరె! అరటి ఏదీ? గొడుగులు పండిస్తున్నావా ఏమిటి?" పెద్దగా నవ్వాడు. "సరే, ఒకటివ్వు. తడిసిపోతున్నాను." అంటూ చేతికి దగ్గరగా ఉన్న బాతుగొడుగు పిడి పట్టి లాగాడు. కర్ర కదిలింది. దాని మొదట్లో మట్టి పగిలింది.

పక్కటెముకల మధ్య వేసవంతా అడ్డంగా ఇరుక్కున్నది ఒక్కసారి తిన్నగా తిరిగింది.

"ఛీ!"

వాగు అవతలి గట్టుమీద కొంగలు లేచాయి. వీధిలో మందులకొట్టువాడు ఉరుమనుకుని తలుపు వేసుకున్నాడు. మేనేజరుగారి చెయ్యి దానంతటదే పిడి వదిలేసింది.

"నేను ఎవర్నో..." అన్నాడు మేనేజరుగారు.

"తెలుసు. అరటికీ మాంగోస్టీన్‌కీ తేడా తెలియని మనిషి. ఇన్నేళ్ళూ మీ సంతకం కింద నా సంతకం పెట్టాను. ఛీ, ఛీ! కాలు తియ్యండి, మొక్క మొదట్లో ఉంది."

మేనేజరుగారు కాలు తీశాడు. తర్వాత రెండో కాలూ తీశాడు. అలా తీసుకుంటూ కారుదాకా వెళ్ళిపోయాడు. లోకంలో తన ముక్కలో ఇక ఛీగారొక్కడే మిగిలాడు.

"ఏమండీ," అంది ఆవిడ. అప్పటికి బాతుగొడుగు కిందకి వంగి ఉంది. "ఇటు రండి."

ఛీగారు బురదలో మోకాళ్ళమీద కూర్చుని తల లోపలికి పెట్టాడు. బాతుముక్కు మీదనుంచి నీళ్ళు ఆయన మెడలోకి కారుతున్నాయి. మాడిన కొమ్మ చివర, పిచ్చుక ముక్కులా మూసుకున్న ఒక జత చిగుళ్ళు. లేత గులాబిరంగు. వేలితో ముట్టుకోబోయి ఆగిపోయాడు.

"సరే, నేల ఇక మీ చేతిలోనే," అంది ఆవిడ. "కానీ అటు చూడండి. మీరు నరికినవాటి మొదళ్ళలోంచి అరటి పిలకలు కూడా లేస్తున్నాయి. వాటిని ఏం చేస్తారు?"

ఛీగారు తల తిప్పి పిలకల్ని చూశాడు. తిట్టినా, నరికినా, పౌరుషం లేకుండా మళ్ళీ జానెడెత్తు లేచి నిలబడ్డాయి.

"ఉండనీ," అన్నాడు. "సిగ్గులేనివి."

సాయంత్రం వాన తెరిపిచ్చాక గొడుగులు ఎవరివి వాళ్ళకి పంపేశారు. బాతుగొడుగు కోసం మాత్రం ఎవరూ రాలేదు, వచ్చినా ఛీగారు ఇచ్చేవాడు కాదు. మలుపు దగ్గర కొట్టు ముందుకి వెళ్ళి, ఎవరూ పిలవకుండానే పీట మీద కూర్చున్నాడు. ఈసారి పీట కిర్రుమంది. బావమరిది టీ తెచ్చి చేతికిచ్చాడు. ఛీగారు ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు.

"ఛీ! ఇది టీయా? గొడుగులు కడిగిన నీళ్ళు ఇంతకన్నా బాగుంటాయి."

అడుగంటా తాగి, గోడవైపే చూస్తూ, గ్లాసు మళ్ళీ చాపాడు.